పచ్చ చారల దోసకాయ

ఏప్రిల్ 6

అత్తా,

ముందు నువ్వు అడిగిన దానికి జవాబు. వంకాయ అందింది. హారన్ బాబాయి బస్సు దిగకుండానే కిటికీలోంచి డబ్బా నా చేతికిచ్చాడు. "మీ అత్త మూత తీసి చూడొద్దని నాచేత ఒట్టు వేయించింది! నాలుగ్గంటలు ఆ వాసనతో బస్సు నడిపాను, నాకు జీతం పెంచాలి!" అని స్టాండంతా వినపడేలా అరిచాడు. ఆయనకి హారన్ అని పేరు పెట్టిన వాళ్ళకి దండం పెట్టాలి. వంకాయ చాలా బాగుంది. ఉప్పు, కారం, నిప్పుల మీద కాల్చిన వాసన, అన్నీ సరిగ్గా కుదిరాయి.

ఇక్కడి తిండి సంగతి రాయమన్నావు. రాస్తే నువ్వు అన్నం మానేస్తావు. మా హాస్టల్ వంటాయన మెడలో ఒక తువ్వాలు ఉంటుంది. దానితోనే చెమట తుడుచుకుంటాడు, దానితోనే పళ్ళేలు తుడుస్తాడు. నిన్న పుచ్చకాయ కోసే ముందు దాన్ని కూడా అదే తువ్వాలుతో ముద్దుగా తుడిచాడు. నా పక్క గదిలో ఉండే టైపిస్టు అక్క కూరలో వెంట్రుక చూపిస్తే, "నాది కాదమ్మా, నాకు బట్టతల" అన్నాడు. ఆ సమాధానానికి అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అందరిలా నవ్వలేకపోవడానికి కారణం నా పని. మా గది మూడో అంతస్తులో చివరన ఉంటుంది. ఊళ్ళ నుంచి తిండి శాంపిళ్ళు సీలు వేసిన డబ్బాల్లో వస్తాయి. డబ్బా మీద నంబరు ఒక్కటే ఉంటుంది. అది ఎవరు వండినదో, ఏ ఊరిదో మాకు తెలియకూడదు. కాస్త తీసి, క్రిములు పెరిగే జిగురు పోసిన గాజు పళ్ళెంలో పరిచి వెచ్చటి పెట్టెలో పెడతాం. ఒకటి రెండు రోజుల్లో అందులో ఏమేం బతికి ఉన్నాయో అవి చుక్కలుగా పైకి వస్తాయి. పోయిన నెల ఊరికే చూద్దామని నా ఐదు వేళ్ళూ ఒక పళ్ళెంలో అద్దాను. మర్నాటికి ఐదు వేళ్ళ గుర్తుల నిండా చుక్కలు, బూజు పట్టిన రొట్టెలాగా. అప్పటి నుంచి చెంచాతో తింటున్నాను.

అత్తా, ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు మోచేతి దాకా చెయ్యి పెట్టి బేసిన్‌లో పెరుగూ దోసకాయా కలపడం గుర్తొస్తే చెంచా కింద పెట్టేస్తున్నాను. చిన్నప్పుడు ఆ బేసిన్ అంచు నాకిన దాన్ని నేనే. అయినా పెట్టేస్తున్నాను. అందుకని హారన్ బాబాయితో గ్లౌజుల పెట్టె పంపిస్తున్నాను. వంద ఉంటాయి. వంట దగ్గర అవి లేకుండా దేన్నీ ముట్టుకోకు. నా మీద ఒట్టు.

నీ
ముక్కు


ఏప్రిల్ 19

ముక్కూ,

పుట్టినప్పుడు నిన్ను నా చేతిలో పెడితే నా చీర కొంగు వాసన చూసి ముక్కు ముడిచావు. ఆ రోజే నీకు సరైన పేరు పెట్టాను.

ఉప్పు సరిగ్గా కుదిరిందని రాశావు. ఆ ముక్క రెండుసార్లు చదివాను.

గ్లౌజులు అందాయి. పెట్టె మీద నీ చేతిరాతతో నా పేరు. ఒక జత తీసి వేసుకున్నాను. చెయ్యి ఎవరిదో అయిపోయింది. బస్సు డిపో గేటు ఎదురుగా నా తిండి బండి దగ్గర నేను వాటితో నిలబడితే మెకానిక్కులందరూ లైను కట్టి చూశారు. "డాక్టరమ్మా, ఆపరేషను దోసకాయకా, వంకాయకా?" అని ఒకడు. "ముందు నీ నాలుకకి" అన్నాను. మా అన్న కూతురు లాబరేటరీలో పని చేస్తుంది, ఆమె పంపింది అని అందరికీ చెప్పాను. టైర్లకి గాలి కొట్టే ముసలాయనకి రెండుసార్లు చెప్పాను, ఆయనకి చెవుడు.

ఎండలు ముదిరాయి. కాలవ పక్క తోటాయన పొద్దున్నే గోనెసంచిలో దోసకాయలు తెచ్చి పడేస్తున్నాడు. ఇంకా చల్లగా ఉంటాయి, తొడిమ దగ్గర మట్టి తడిగా ఉంటుంది. చెక్కు ఎప్పట్లాగే తీస్తున్నాను, ఒక చార తీసి ఒక చార వదిలేసి. తురిమి, ఉప్పు రాసి నీళ్ళు పిండి, రాత్రి తోడుపెట్టిన పెరుగులో కలిపి, వేయించిన జీలకర్ర నలిపి వేస్తాను. కుండ కింద తడి ఇసుక. డ్రైవర్లు బస్సు దిగి మాటా పలుకూ లేకుండా ఒక గిన్నెడు తాగి, అప్పుడు "అక్కా" అంటారు. అంతకు ముందు నేను అక్కని కాదు, ఎవరినీ కాదు. ఆ గిన్నె దించినప్పుడు మీసం మీద పెరుగుతో వాళ్ళ మొహాలు చూడాలి నువ్వు.

అసలు సంగతి. డిపో లోపల క్యాంటీన్ గది ఖాళీ అవుతోంది. పంపు ఉంది, పొగగొట్టం ఉంది, పైన కప్పు ఉంది. నాకిస్తామని మేనేజరు అన్నాడు. తిండి శాంపిల్ తీసి పరీక్ష చేయిస్తారట, అందులో పాసవ్వాలట. పదిహేడేళ్ళు ఎండలో నిలబడ్డాను ముక్కూ. ఆ గది కిటికీ దగ్గర ఒక బల్ల వేస్తాను. సెలవుకి వచ్చినప్పుడు నువ్వు అక్కడ కూర్చుని తినాలి. నీకు అసహ్యం కలిగేది ఏదీ అక్కడ ఉండదు.

నీ ఒట్టు తప్పను. మిగతా గ్లౌజులు బీరువాలో మంచి చీరల మధ్య దాచాను.

అత్త


మే 18

అత్తా,

సెలవు ఈ నెల దొరకలేదు. జూన్‌లో చూస్తాను. గది సంగతి చదివి టైపిస్టు అక్కకి కూడా చెప్పాను. పరీక్ష గురించి నువ్వు భయపడక్కర్లేదు. గ్లౌజులు వేసుకుంటున్నావు కదా.

ఈ వారం నాకు తిండి సహించడం లేదు. కారణం రాస్తాను, నవ్వుకో. మొన్న ఒక శాంపిల్ వచ్చింది. నాలుగు వందల పదిహేడో నంబరు. పెరుగులో దోసకాయ, ఎవరో రోడ్డు పక్క మనిషి చేసింది. చెక్కు తీయడానికి కూడా బద్ధకం, తురుములో సగానికి సగం పచ్చ తొక్కు. దాన్ని పళ్ళెంలో పరిచి మర్నాడు మూత తీశాను. అత్తా, పసుపు చుక్కలు. లెక్కపెట్టడానికి ఖాళీ లేనంతగా, చీము బొట్లలాగా, ఒకదాన్నొకటి ఆనుకుని మెరుస్తున్నాయి. అవి చేతుల నుంచి వచ్చే క్రిములు. చెమట, గోళ్ళ మురికి, పుళ్ళు, ఇలాంటి చోట్ల పెరుగుతాయి. ఈ మనిషి ఆ చేతులు ఎక్కడెక్కడ పెట్టి వచ్చి పెరుగులో ముంచిందో అనుకుంటే నోట్లోకి పుల్లటి నీళ్ళు వచ్చాయి. బయటకి పరిగెత్తాను.

మామూలుగా మేము క్రిమి పేరు, ఎంత ఉంది, పనికొస్తుందా రాదా అని మాత్రమే రాస్తాం. నేను ఒక వాక్యం ఎక్కువ రాశాను. "చేతుల శుభ్రత బొత్తిగా తెలియని వ్యక్తి తయారుచేసినది" అని. మా పై అధికారి మేడం దాని కింద పెన్సిల్ గీత గీసి, "ఈ వాక్యం అవసరమా?" అన్నారు. అవసరమే అన్నాను. ఎండలో వచ్చి ఆకలితో తినే వాళ్ళకి ఇది పెట్టడానికి చెయ్యి ఎలా వస్తుంది? మేడం నా మొహం చూసి సంతకం పెట్టేశారు. మా ఇంట్లో మొదట చదువుకున్న దాన్ని నేను. ఆ చదువు ఇలాంటప్పుడైనా పనికి రావాలి కదా.

నువ్వు జాగ్రత్తగా ఉండు. బయట ఎక్కడా ఏమీ తినకు.

ముక్కు


మే 24

ముక్కూ,

ఛీ ఛీ. నీ ఉత్తరం తిండి ముందు చదివాను, బుద్ధి తక్కువై. ఎవరే ఆ మహాతల్లి? చేతులు కడుక్కోవడానికి కూడా ఒళ్ళు బద్ధకమైన మనిషి పొయ్యి దగ్గర ఎందుకు, వెళ్ళి పందుల దగ్గర ఉండొచ్చుగా! మంచి వాక్యం రాశావు. నేనైతే ఇంకో నాలుగు రాసేదాన్ని. హారన్‌కి చదివి వినిపించాను. "అలాంటి వాళ్ళ బండి లాగి కాలవలో తోయాలి" అన్నాడు. పెరుగు తాగుతూనే అన్నాడు.

పరీక్ష వాళ్ళు మా దగ్గరకి కూడా వచ్చి డబ్బాలో పెరుగు పోయించుకుని సీలు వేసుకుని పోయారు. నాకేం భయం? పొద్దున్న బండి తెరిచినప్పటి నుంచి కట్టేసే దాకా చేతికి గ్లౌజులే. ఉల్లిపాయలు కోసినా, బల్ల తుడిచినా, చిల్లర ఇచ్చినా అవే. ఇంటికెళ్ళి సబ్బుతో కడిగి మేకుకి తగిలిస్తాను. నెల దాటింది, ఎక్కడా చిరగలేదు. మంచి సరుకు పంపావు.

జూన్ అన్నావు. గట్టిగా అన్నావా, ఊరికే అన్నావా?

అత్త


మే 31

ముక్కూ,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. ఎందుకు లేదో నిన్న తెలిసింది.

నిన్న డిపో మేనేజరు నన్ను పిలిచి కాగితం ఇచ్చాడు. చదివి చెప్పనా అన్నాడు. వద్దు, నాకు చదువొచ్చు అన్నాను. బండి దగ్గరికి తెచ్చుకుని స్టూలు మీద కూర్చుని కూడబలుక్కుని చదివాను. నంబరు 417. చేతుల శుభ్రత. బొత్తిగా. తెలియని. వ్యక్తి.

కింద రెండు సంతకాలు. ఒకటి ఎవరిదో. రెండోదాని చివర తోక కిందికి వచ్చి మళ్ళీ పైకి లేచింది. నీ పేరులో ఆఖరి అక్షరానికి ఆ తోక ఎలా వచ్చిందో నాకు తెలుసు. నువ్వు మర్చిపోయి ఉంటావు. నీకు ఏడేళ్ళు. బడి నుంచి వచ్చి బండి కింద నీడలో కూర్చునేదానివి. నాకు అక్షరాలు నేర్పుతానన్నావు. పలక బడిలో ఉండిపోయింది. దోసకాయ చెక్కులు వంచి నేల మీద అక్షరాలు పెట్టావు. చెక్కు చివర ఎప్పుడూ పైకి లేచేది. ముక్కలు ముక్కలుగా ఉంటే అక్షరం కుదరడం లేదు, పొడుగ్గా తియ్యి అత్తా అన్నావు. అప్పటి నుంచి పొడుగ్గా తీస్తున్నాను. పొడుగ్గా తీస్తే మధ్యలో చార మిగిలిపోతుంది. అది బద్ధకం కాదు.

ఇంకొకటి. నీకు పంపిన వంకాయలో ఉప్పు వేయలేదు. మర్చిపోయాను. ఆ రోజు పదకొండు మంది డ్రైవర్లు తిట్టారు. నువ్వు ఒక్కదానివే ఉప్పు కుదిరిందన్నావు. ఎక్కడ పారబోశావో నాకు చెప్పొద్దు. అప్పుడే అర్థమైంది నా చెయ్యంటే నీకు రోత పుట్టిందని. అందుకే ఆ రబ్బరు తొడుక్కున్నాను. డిపో కోసం కాదు. నా తిండి నువ్వు మళ్ళీ తింటావని.

ఆ పెరుగులో నా చెయ్యి పడలేదు. నీ గ్లౌజులే పడ్డాయి. మరి చేతులని ఎందుకు రాశావు?

అత్త


జూన్ 4

అత్తా,

మే 24న నువ్వు రాసిన ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసింది. "నెల దాటింది, చిరగలేదు" అన్న చోట ఆగిపోయాను. నేను చూడకూడని రిజిస్టరు తీసి చూస్తే 417 మీ ఊరి వైపు నుంచి వచ్చిన సంచిలోది. చారల మాట నువ్వు ముందే రాశావు. నెల తిరగకుండా అవే చారలు నా పళ్ళెంలో చూసి తొక్కు అనుకున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నాను. గుడ్డ లేకపోతే జీలకర్ర వాసనకైనా తెలిసేది. ఆరు రోజులు ఉత్తరం రాయకుండా పిరికిదానిలా కూర్చున్నాను. చుక్కల కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేస్తోంది.

తప్పు ఎక్కడ జరిగిందో రాస్తాను. ఆ గ్లౌజులు ఒక్కసారికే. వేసుకుని, ఒక పని చేసి, తీసి చెత్తబుట్టలో వేయాలి. మేము రోజుకి పది జతలు పారేస్తాం. నాకు అది ఎంత మామూలు అయిపోయిందంటే, నీకు చెప్పాలని కూడా తోచలేదు. నేను పంపిన వస్తువు నువ్వు పారేస్తావా? నా మొదటి బడి సంచిని గోడకి తగిలించిన మనిషివి. ఇది నేను కదా ఊహించాల్సింది. ఉత్త చేతిని నువ్వు పని పనికీ కడుక్కునేదానివి, ఉల్లి ఘాటు పోవాలని, కారం మండకూడదని. గ్లౌజుకి ఘాటూ తెలియదు, మంటా తెలియదు. అందుకని నీకు కడగాలనిపించలేదు. పరీక్ష తప్పు కాదు. పెరుగు నిజంగా పాడైంది. పాడు చేసింది నేను.

మేడం దగ్గరకి వెళ్ళి అంతా చెప్పాను. రిపోర్టు మార్చడం కుదరదన్నారు. నేనూ అడగలేదు. నా వాక్యం గురించి మాత్రం, "అందుకే గీత గీశాను" అన్నారు. తలెత్తలేకపోయాను. రిపోర్టు అందిన పదిహేను రోజుల తర్వాత మళ్ళీ శాంపిల్ ఇచ్చే వీలుంది. ఇక మీదట మీ వైపు డబ్బాలు నా బల్ల మీదకి రావు, వేరే వాళ్ళు చూస్తారు.

వంకాయ హాస్టల్ వెనక డ్రమ్ములో పారబోశాను. చెప్పొద్దన్నావు. అబద్ధం ఇంకొకటి మోయలేను.

గ్లౌజులన్నీ పారేయి. సబ్బు, పంపు నీళ్ళు, నీ చేతులు. అంతే.

ముక్కు


జూన్ 16

ముక్కూ,

కోపంగా ఉన్నాను. ఉత్తరం మాత్రం రాస్తున్నాను.

మేకుకి ఉన్న జత తీసి లోపలిది బయటికి తిప్పాను. అమ్మో. చచ్చిన ఎలుక వాసన. లోపలంతా జిగట, పసుపు పచ్చటి పొర. నా వేలి చర్మం కూడా ఎక్కడో అంటుకుని ఉంది. అది తొడుక్కుని నేను నెల పైగా జనానికి తిండి పెట్టాను! వాంతి చేసుకున్నాను. తర్వాత వెళ్ళి హారన్‌కి చెప్పాను. మొదటిసారి ఆయన హారన్ మోగలేదు. సాయంత్రానికి వచ్చి, "బండి కాలవలో తోయాలన్నాను కదా, రేపు తోద్దాం, ఇవాళ ఆకలేస్తోంది, ఒక గిన్నె పొయ్యి" అన్నాడు. వెధవ.

ఎవరికైనా కడుపు నొప్పి చేసిందా అని ఒక్కొక్కడినీ అడిగాను. ఇద్దరు చేసిందన్నారు. ఇంటి తిండి వల్ల అనుకున్నారట. ఆ ఇద్దరి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

బీరువాలోవి తీసి చీరలు దులిపాను. పారేయడానికి చెయ్యి రాలేదు. గ్యారేజీలో ఇచ్చాను, గ్రీజు పనికి. నలభై తొమ్మిది జతలు.

రెండో శాంపిల్ పట్టుకెళ్ళారు. దానికేం వచ్చినా గది మాత్రం పోయింది. ఎక్కడి నుంచో మూత అంటించిన ప్లాస్టిక్ పళ్ళేల్లో అన్నం తెచ్చే వాళ్ళకి ఇచ్చేశారు. కూర ఎప్పుడు వండారో ఆ పళ్ళేనికే తెలియాలి. మూత లాగితే ఆసుపత్రి వాసన వస్తుంది. తింటున్న వాళ్ళ మొహాల్లో పెళ్ళి చూపులకి వచ్చి ఇరుక్కున్న వాళ్ళ కళ. సగం మంది మళ్ళీ గేటు దాటి ఎండలోకి వస్తున్నారు. మిగతా సగం రావడం లేదు. నన్ను చూసి తల తిప్పుకుని పోతున్నారు. తప్పు వాళ్ళది కాదు.

రావాలనుంటే రా. నేను పిలవను.

అత్త


జూన్ 30

అత్తా,

ఆదివారం వచ్చి వెళ్ళాను కాబట్టి ఈ ఉత్తరం రాయక్కర్లేదు. అయినా బండి దగ్గర అందరి ముందూ చెప్పలేని మాటలు ఉండిపోయాయి.

నేను దిగేసరికి నువ్వు చేతులు కడుగుతున్నావు. మోచేతి దాకా నురగ. నన్ను చూసి కూడా ఆపలేదు. గోళ్ళు, వేళ్ళ సందులు, మణికట్టు, మళ్ళీ గోళ్ళు. నాకు చూపించడానికే అంత సేపు కడుగుతున్నావని తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత బేసిన్‌లో చెయ్యి పెట్టి కలిపి, అదే చేత్తో గిన్నె నా ముందు పెట్టావు. మెకానిక్కులు గేటు దగ్గరే నిలబడిపోయారు.

నిజం రాస్తాను. మొదటి చెంచా దగ్గర నాకు పసుపు చుక్కలే కనపడ్డాయి. గిన్నె అంచు మీద ఒక ఈగ. పక్కన కూర్చున్న డ్రైవరు చొక్కా చెమట వాసన. ఈ రోత నాకు ఒక్క రోజులో పోదు అత్తా, బహుశా ఎప్పటికీ పూర్తిగా పోదు. నా పని అలాంటిది. చెంచా పక్కన పెట్టి గిన్నె చేత్తో ఎత్తి తాగాను. చల్లగా దిగింది. దంతాల కింద పచ్చ చార కరకరలాడింది. అప్పుడు ఎండ, రోడ్డు, డీజిలు పొగ, అన్నీ నా ఏడేళ్ళప్పటివే. రెండో గిన్నె నేనే అడిగాను. నువ్వు పొంగిపోలేదు, "గిన్నె ఇటివ్వు" అన్నావు, అంతే. అది బాగుంది.

రెండో శాంపిల్ ఫలితం నిన్న వచ్చింది. నేను ముట్టుకోలేదు. పక్క బల్ల ఆయన చూశాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "బాగుంది, ఎవరో శుభ్రమైన మనిషి" అన్నాడు తనలో తను. ఆ మాట రిపోర్టులో రాయరు. నేను ఇక్కడ రాస్తున్నాను. రిపోర్టు గదికి పనికిరాదని తెలుసు. అందాక బండికి అతికించుకో.

ఒక్క విషయం. ఆ రోజు అందరూ చూస్తున్నారని అనలేదు. దోసకాయలో ఉప్పు తక్కువైంది.

ముక్కు


జూలై 5

ముక్కూ,

కార్డు, చోటు లేదు. రిపోర్టు కాగితం బండికి అతికించాను, గాలి కొట్టే ముసలాయనకి అరిచి చదివి వినిపించాను. ఉప్పు తక్కువని మొహం మీదే అనొచ్చుగా, గిన్నె నీ ముందే ఉంది, ఉప్పు నా ముందే ఉంది! ఇంకెవరూ అనలేదు. హారన్‌ని అడిగితే, తక్కువే కానీ భయపడి ఊరుకున్నాను అన్నాడు. ఇద్దరూ ఇద్దరే. వచ్చే ఆదివారం కాలవ తోటాయన ఆఖరి కాపు దోసకాయలు తెస్తాడు. నువ్వే కలుపు, నువ్వే ఉప్పు వెయ్యి, చూస్తాను.

చేతులు కడుక్కుని రా.

అత్త